ముక్కల మీద చెయ్యి

అమ్మను దహనం చేసి ఇంటికి వచ్చిన రోజునే ఆమె వేలితొడుగు పోయింది.

బట్టలు కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా పెట్టుకునే మామూలు వెండి తొడుగు అది. అమ్మ దానితో కుట్టిన గుడ్డల కంటే కప్పిన పేకముక్కలే ఎక్కువ. గార్డీనాలోని పేకాట క్లబ్బులో, చిన్న పందేల కింది బల్ల దగ్గర ఆడినన్నాళ్ళూ ఆమె తన ఐదు ముక్కల్నీ బోర్లా పెట్టి వాటి మీద ఆ తొడుగు ఉంచేది. ముక్కల మీద ఏదో ఒకటి ఉండాలి. తొడుగో, ఒక పందెం బిళ్ళో, చెయ్యో. ఏమీ లేనప్పుడు ఇంకొకరు పారేసిన ముక్కలు వచ్చి కలిస్తే, చేతిలో ఎంత మంచి ముక్కలున్నా ఆ ఆట పోయినట్టే. ఆ నియమం క్లబ్బు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఆ మధ్యాహ్నం కింది బల్ల ఆడవాళ్ళంతా మా ఇంటికి వచ్చారు. చాలా ఏళ్ళుగా అమ్మ పక్క కుర్చీలో కూర్చుని ఆడిన ఫెర్న్ గారు గిన్నె నిండా నూడిల్స్ చేసి తెచ్చారు. అందరూ కాఫీలు తాగి, అమ్మ గెలిచిన ఆటలు చెప్పుకుని వెళ్ళిపోయాక చూస్తే, వంటింటి కిటికీ గట్టు మీద ఉండాల్సిన తొడుగు లేదు.

"ఎక్కడ పెట్టావ్?" అన్నాడు ఓరిన్. నా తమ్ముడు.

"నేను ముట్టుకోలేదు."

"నువ్వు సర్దితే ఏదైనా మాయమేగా. అమ్మ మందులు కూడా ఇలాగే సర్దావు."

"మందుల మాట ఎత్తకు."

"ఎత్తితే ఏం చేస్తావక్కా? నీ స్కూలు పిల్లలకి లాగా మార్కులు తగ్గిస్తావా?"

సోఫా కింద చూశాం. చెత్తబుట్ట కాగితాల మీద బోర్లించి చూశాం. ఒకే వస్తువు కోసం ఒకే గదిలో వెతుకుతూ ఒకరికొకరం తగలకుండా తిరిగాం. దొరకలేదు.

అమ్మ బూడిద ఉన్న పెట్టెను వరండా అల్మరాలో పై అరలో, ఆమె ఎండటోపీ పక్కన పెట్టాను. ఆస్పత్రిలో ఉండగానే ఆమె చెప్పింది: "శాన్ పెడ్రోలో పడవెక్కి నన్ను సముద్రంలో కలపండి. ఇద్దరూ రావాలి. ఒక్కరే వస్తే నేను పెట్టెలోంచి దిగను."

*

ఇల్లు మా ఇద్దరిదీ, చెరి సగం. విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయినప్పటి నుంచి ఓరిన్ అమ్మతో పాటు క్లబ్బుకు వెళ్ళేవాడు. కింది బల్ల మీద గెలిచేవాడు. అది కాదనను.

మే నెలలో ఒక ఉదయం వాడు గుడ్లు వేయించుకుంటుంటే చెప్పాను. "ఇల్లు అమ్మేద్దాం. నా సగం నాకు కావాలి. ఉత్తరాన యురేకాలో ఒక స్కూలు వాళ్ళకి ఉద్యోగానికి వస్తానని చెప్పాను."

వాడు పొయ్యి ఆపలేదు. "అమ్మ చల్లారకముందే బేరం పెట్టావన్నమాట."

"అమ్మ చల్లారి నెలయింది."

ఆ మాట ఎలా వచ్చిందో అలాగే ఇక్కడ రాశాను. గుడ్లు మాడిన వాసన వచ్చింది.

"నేనెక్కడికీ పోను," అన్నాడు. "నీ సగం నేనే కొంటాను. స్కూళ్ళు తెరిచేదాకా టైమియ్యి."

"దేనితో కొంటావు?"

"నాకొచ్చిన పనితో."

"కింది బల్ల మీద వచ్చేది నీ సిగరెట్లకీ పెట్రోలుకీ సరిపోతుంది."

"కింది బల్ల అని ఎవరన్నారు?"

పై బల్లంటే హాలు చివర, మూడు మెట్లెక్కితే, ఇత్తడి కమ్మీ అవతల ఉండే బల్ల. అక్కడ ఒక్కో పందెం కిందిదానికి పది రెట్లు. అంత బాగా ఆడే అమ్మ ఎందుకు పైకి వెళ్ళదని క్లబ్బులో కొత్తగా వచ్చినవాళ్ళు అడిగేవారు. ఆమె జవాబు ఎప్పుడూ ఒకటే. "అక్కడ వరసగా రెండు మధ్యాహ్నాలు ఓడిపోయి, ఇంటికెళ్ళి సూపు తాగుతూ ఇందులో ఉప్పు తక్కువైందని కనిపెట్టగలిగిన రోజున వెళ్తా." ఆ రోజు రాలేదు. వస్తుందని ఆమె అనుకున్నట్టు కూడా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

స్కూళ్ళు తెరిచేదాకా అన్నాడు. సరే అన్నాను. ఆ రోజు నుంచి వాడి చొక్కాలు ఉతకడం మానేశాను. వాడు నా టీ సాసర్లలో సిగరెట్లు నలపడం మొదలుపెట్టాడు.

*

జూన్‌లో ఒకసారి కారు తాళం ఇవ్వడానికి క్లబ్బుకు వెళ్ళాను. సెలవులు. బయట ఎండ మండిపోతుంటే లోపల దీపాలు వెలుగుతున్నాయి. కింది బల్ల చుట్టూ జుట్టు నెరిసిన ఆడవాళ్ళు, మధ్యలో మా వాడు.

"అదిగో టీచరమ్మ వస్తోంది. అందరూ చేతులు కట్టుకుని కూర్చోండి," అన్నాడు.

"హోంవర్కు చెయ్యలేదని గోడ కుర్చీ వేయిస్తుందేమో," అంది ఎవరో. అందరూ నవ్వారు. నేను తాళం బల్ల మీద పెట్టాను.

నవ్వుతూనే ఓరిన్ పందెం కట్టడానికి ముందుకు వంగాడు. వాడి ఐదు ముక్కలూ బల్ల మీద బోర్లా ఉన్నాయి. వాటి మీద ఏమీ లేదు. పక్కనే ఉన్న ఫెర్న్ గారు అటు చూడకుండానే తన ఎడమ చెయ్యి చాపి ఆ ముక్కల మీద ఆనించారు. వాడు వెనక్కి వాలగానే తీసేశారు. అంత మామూలుగా జరిగింది, పక్కవాడి కాఫీ కప్పు అంచు నుంచి లోపలికి జరిపినంత మామూలుగా.

ఆవిడ విరామంలో లేచి నాతో పాటు కౌంటరు దగ్గరికి వచ్చి ఆపిల్ పై అనే తీపి వంటకం ఒకటి తెమ్మన్నారు.

"చూశావుగా. తొడుగు పోయినప్పట్నుంచీ వాడి ముక్కలకి నేనే కాపలా. ఒక బిళ్ళ పెట్టుకోరా అంటే, పెడుతున్నాగా అంటాడు. రెండాటలు పెడతాడు, మూడోది మర్చిపోతాడు. మీ అమ్మ ఆ తొడుగు వాడికి ఎప్పుడో అప్పజెప్పేసింది. చివర్లో తన ముక్కలకి కాఫీ చెంచా పెట్టుకునేది."

ఆ సంగతి నాకు తెలియదు.

"వాడికి గట్టిగా చెప్పండి," అన్నాను.

"చెప్తే వినడానికి వాడెవరు? మీ అమ్మ ఓపల్ కొడుకు. అయినా ఈ బల్ల మీద ఎవరు పట్టించుకుంటారు? కలిసిపోతే ఎవరివి వాళ్ళకి ఏరి ఇచ్చేస్తాం. మా వయసులో అందరికీ చేతులు వణుకుతాయమ్మా." చెంచాతో ఆపిల్ పై అంచు విరిచారు. "నీక్కావాలా? మొహం చూస్తే పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేవు."

వద్దన్నాను.

*

జూలైలో ఒక ఆదివారం ఫెర్న్ గారు భోజనానికి వచ్చారు. ఓరిన్ పిలిచాడు. నన్ను అడగలేదు. కోడి కాల్చాను. తినడం పూర్తి కాకుండానే వాడు కంచం పక్కకి నెట్టాడు.

"ఫెర్న్, నువ్వే చెప్పు. రెండు నెలల్నుంచి కింది బల్లని వాయిస్తున్నానా లేదా?"

"ఎవర్ని వాయిస్తున్నావురా? నన్నూ, చెవులు వినపడని మిల్డ్రెడ్‌నీ."

"ఆట ఆటే."

"కాదు. నువ్వు పందెం పెంచితే మేము వెనకే వచ్చేది, నీ దగ్గరేముందో చూద్దామని. సరదాకి. పైన సరదాకి ఎవడూ రాడు. అక్కడ ప్రూయిట్ అని ఒకడున్నాడు, సిమెంటు వ్యాపారం చేసి మానేశాడు. నీ మొహం చూసి నువ్వు పొద్దున ఏం తిన్నావో చెప్తాడు."

"చూశాన్లే వాణ్ణి. చొక్కా ఇస్త్రీ తప్ప ఏం లేదు వాడిలో."

"నీ దగ్గర ఎంతుంది?"

"కూర్చోడానికి సరిపోతుంది."

"ఒక్కసారి కూర్చోడానికి. అది పైకెళ్ళడం కాదురా నాయనా, చూసి రావడం. పైకెళ్ళడమంటే ఓడిపోయి కిందికొచ్చి మళ్ళీ వెళ్ళగలగడం. నీ దగ్గర రానూపోనూ ఖర్చుల్లేవు. ఓడితే ఏం చేస్తావ్?"

"ఓడను."

"అదిగో. ఆ మాట అన్నవాణ్ణి మీ అమ్మ కింది బల్ల దగ్గర కూడా కూర్చోనిచ్చేది కాదు."

ఓరిన్ నావైపు తిరిగాడు. "నువ్వు నేర్పావా ఈవిడకి?"

"నేనేమీ నేర్పలేదు. స్కూళ్ళు తెరిచేది ఎప్పుడో నీకు తెలుసు. అంతే."

ఫెర్న్ గారు చెంచా బల్ల మీద పడేశారు. "నువ్వూ తక్కువదానివేం కాదు. గోడ మీద కేలండర్ తీసి వాడి నెత్తిన పెట్టావు. పెట్టి, నిదానంగా ఆడరా అంటావు. నీకు ఈ ఇల్లు అంత బరువెందుకయ్యిందే?"

అమ్మ గది తలుపు తెరిస్తే ఇంకా ఆమె దగ్గుకు రాసుకునే మందు వాసన వచ్చేది. స్కూలు నుంచి వచ్చి ఆ తలుపు ముందు నుంచి నడవడం నాకు కష్టంగా ఉండేది. ఓరిన్ రోజూ సాయంత్రం ఆ గదిలోకే వెళ్ళి, ఆమె మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకునేవాడు. ఒకే గది. నేను దాన్ని దాటి పోవాలనుకున్నాను. వాడు అందులోనే ఉండాలనుకున్నాడు. ఇది ఇప్పుడు రాయగలుగుతున్నాను. అప్పుడు ఆవిడతో అన్నది, "కోడి చల్లారిపోతోంది, తినండి," అని.

*

ఆగస్టు మొదట్లో ఇళ్ళ బ్రోకరు కొలతలకు వచ్చాడు. ఓరిన్ క్లబ్బులో ఉండే వేళ చూసే రమ్మన్నాను. కానీ ఆ రోజు వాడు తొందరగా వచ్చేశాడు. అమ్మ గదిలో టేపు ఒక గోడ నుంచి ఇంకో గోడకు చాచి ఉంది.

"పిల్లల గదికి బాగా పనికొస్తుంది సార్," అన్నాడు బ్రోకరు, వాడే ఇల్లు కొనడానికి వచ్చినవాడనుకుని.

"ఆ టేపు చుట్టు."

"ఇంకొక్క గోడే సార్—"

"చుట్టమన్నానా!"

బ్రోకరు నావైపు చూశాడు. నేను తల ఊపాను. టేపు చప్పుడు చేస్తూ డబ్బీలోకి వెళ్ళిపోయింది. అతను వెళ్ళిన తర్వాత ఓరిన్ గుమ్మంలో నిలబడి అన్నాడు: "స్కూళ్ళు తెరవలేదింకా."

"కొలవడానికి వచ్చాడు. అమ్మడానికి కాదు."

"నువ్వు పరీక్షకు ముందే పేపర్లు దిద్దే రకం."

ఆ సాయంత్రం వాడు కంచం అమ్మ గదిలోకి తీసుకెళ్ళి తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. ఫెర్న్ గారు. వెనక క్లబ్బు మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు.

"వాడు పై బల్ల వంతుల బోర్డు మీద పేరు రాయించాడు. నాతో ఒక్క ముక్క చెప్పకుండా. పిలిచారు, ఎక్కేశాడు. నువ్వు రా."

"నేనొస్తే దిగుతాడా?"

"దిగడు. అయినా రా."

*

నేను వెళ్ళేసరికి వాడు ఎక్కి చాలాసేపయింది. ఇత్తడి కమ్మీ దగ్గర, వాడి వీపు వెనక నిలబడ్డాను. వాడు నన్ను చూడలేదు. పై బల్ల దగ్గర ఎవరూ నవ్వడం లేదు. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. ఓరిన్ ముందు బిళ్ళలు ఒకే ఒక్క చిన్న దొంతర. మిగతావాళ్ళ ముందు గోడల్లా ఉన్నాయి.

ఎదురుగా ఉన్నది ప్రూయిట్ అని ఇస్త్రీ చొక్కా చూసి తెలుసుకున్నాను.

"మీ అమ్మగారు తెలివైన మనిషి," అంటున్నాడు ఆయన, ముక్కలు చూసుకుంటూ. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మెట్లెక్కలేదు."

"ఆట చూడండి," అన్నాడు ఓరిన్.

"చూస్తున్నాను బాబూ. నీ ఆటే చూస్తున్నాను."

అక్కడ ముక్కలు పంచేది ఆడేవాళ్ళే, వంతులవారీగా. ఆ ఆటలో వంతు ఓరిన్ పక్కన కూర్చున్న గడ్డిటోపీ ఆయనది. ఓరిన్ ఒక ముక్క పారేసి ఒకటి తీసుకున్నాడు. దాన్ని చూడటానికి ఐదింటినీ కొంచెం ఎత్తాడు. నాకూ కనిపించాయి. మూడు రాజులు, రెండు తొమ్మిదులు. అంతకంటే పెద్ద ముక్కలు ఎదుటివాడికి రావడం ఎంత అరుదో నాకు కూడా తెలుసు. అమ్మ ఇంట్లో పెరిగినదాన్ని.

వాడి మెడ వెనక నరం కదిలింది. ముక్కలు బోర్లా పెట్టి, పైన ఒక బిళ్ళ పెట్టాడు. పెట్టాడు. అది చూశాను.

ప్రూయిట్ పందెం కట్టాడు. ఓరిన్ పెంచాడు. గడ్డిటోపీ ఆయన తప్పుకుంటున్నట్టు తల అడ్డంగా ఊపి తన ముక్కలు మూసుకున్నాడు. ప్రూయిట్ కాసేపు వాడి మొహం చూసి మళ్ళీ పెంచాడు. ఓరిన్ దగ్గర మిగిలింది దానికి సరిపోదు. అయినా ఉన్నదంతా పెట్టడానికి హక్కుంది. దొంతర మొత్తం తీశాడు. ముక్కల మీద ఉన్న బిళ్ళను కూడా తీసి అందులో కలిపాడు. కలిపి, రెండు చేతులతో బల్ల మధ్యకి తోశాడు.

గడ్డిటోపీ ఆయన తన ముక్కలు విసిరి, బల్ల మీద పారేసిన ముక్కలన్నిటినీ ఒక్క ఊపులో చేత్తో దగ్గరికి లాగేశాడు. ఓరిన్ ముక్కలు కూడా అందులో వెళ్ళిపోయాయి.

"ఏయ్! అవి నావి!"

"వాటి మీద ఏమీ లేదు," అన్నాడు ఆయన.

క్లబ్బు సూపర్‌వైజరు వచ్చాడు. ఎవరూ గొంతు పెంచలేదు, ఓరిన్ తప్ప. కింది బల్ల అయితే ఈపాటికి మిల్డ్రెడ్ గారు కళ్ళజోడు సవరించుకుని ఎవరివి వాళ్ళకు ఏరుతూ ఉండేవారు.

"ముక్కల మీద ఏముంది సార్?" అన్నాడు సూపర్‌వైజరు.

"నా చెయ్యి ఉంది."

"మాకు కనపడలేదు," అన్నాడు గడ్డిటోపీ ఆయన.

ఓరిన్ లేచి నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. అప్పుడు నేను కనిపించాను.

"మా అక్కనడుగు. ఇక్కడే నించుంది. టీచరు. చచ్చినా అబద్ధం చెప్పదు."

"బల్ల బయటివాళ్ళ మాట మేము తీసుకోం సార్."

ప్రూయిట్ వేలెత్తాడు. "అడగనివ్వండి. ఆవిడ ఉందంటే ఉన్నట్టే. ఆయన ముక్కలు ఆయనకి ఇచ్చేయండి. నాకేం అభ్యంతరం లేదు." మిగతావాళ్ళు భుజాలెగరేశారు.

సూపర్‌వైజరు కమ్మీ దగ్గరికి వచ్చాడు. "మేడమ్, ఆయన చెయ్యి ముక్కల మీద ఉందా?"

ఓరిన్ నన్నే చూస్తున్నాడు. ఉందని వాడు నిజంగానే నమ్మి ఉండొచ్చు. నెలల తరబడి ఎప్పుడు వెనక్కి వాలినా వాడి ముక్కలు వాడి ముందే ఉన్నాయి.

"రెండు చేతులూ బిళ్ళల మీద ఉన్నాయి," అన్నాను.

సూపర్‌వైజరు తల ఊపి, ఆట సాగించమన్నాడు. ప్రూయిట్ బిళ్ళలన్నీ తనవైపు లాక్కున్నాడు. తన ముక్కలు చూపించలేదు. చూపించాల్సిన పని లేదు.

"థాంక్స్ టీచరమ్మా," అన్నాడు.

ఓరిన్ మెట్లు దిగి నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. తగలకుండా.

ఫెర్న్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. "కనపడలేదని చెప్పొచ్చుగా?"

"కనపడింది."

"ఎర్ర పెన్ను ఒక్క నిమిషం కింద పెట్టలేవు నువ్వు." ఆవిడ ఎడమ చెయ్యి కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు. "ఇంత దూరం అందదుగా," అన్నారు. అది నాతో కాదు.

*

సాయంత్రం వాడు ఇంటికి వస్తాడనుకోలేదు. వచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్నాడు. బీన్స్ సూపు పోశాను. రొట్టె పెట్టాను. వాడు తల దించుకుని గిన్నె ఖాళీ అయ్యేదాకా తాగాడు. ఇంకా కావాలా అంటే గిన్నె ముందుకు జరిపాడు. మళ్ళీ పోశాను. అదీ తాగాడు. తర్వాత అమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

అప్పుడు నా గిన్నెలోంచి ఒక చెంచా తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. అందులో నేను ఉప్పు వెయ్యనే లేదు.

పొద్దున నేను లేచేసరికి వాడు లేడు. వాడి ఇంటి తాళాలు కిటికీ గట్టు మీద ఉన్నాయి, తొడుగు ఉండే చోట. అమ్మ పక్క దుప్పటి సరిచేసి ఉంది. జూదాల ఊరు రీనోలో ఎవరో వాణ్ణి చూశారని తర్వాతి చలికాలంలో ఫెర్న్ గారు చెప్పారు. ఏ బల్ల దగ్గర అని అడిగాను. కింది బల్లే అన్నారు. నిజమో, నా కోసం అన్నారో తెలియదు. ఆవిడ కూడా ఇప్పుడు లేరు.

యురేకాకి రాలేనని ఫోను చేసి చెప్పాను. వాడి సంతకం లేకుండా ఇల్లు అమ్మడానికి వీల్లేదు. సూపర్‌వైజరు ఈ రోజు మళ్ళీ వచ్చి అడిగినా నా జవాబు అదే. ఆ జవాబు తప్పని ఇన్నేళ్ళలో నాకు అనిపించలేదు. దానివల్ల ఏమీ తేలికపడలేదు.

అల్మరా పై అరలో ఎండటోపీ పక్కన పెట్టె అలాగే ఉంది. శాన్ పెడ్రోకి మేమిద్దరం వెళ్ళాలి. ఇంకా వెళ్ళలేదు.